సబినా కొట్లో బోణీ గిటారు

ఫెర్మిన్ చెప్పుకొచ్చిన సాకు నిజానికి చాలా మంచి సాకు. రెండేళ్ళు నిక్షేపంలా పనిచేసింది. "గిటారు ఎక్కడుందిరా నా దగ్గర? అమ్మేశానుగా!" అనేవాడు ఎవరు వాయించమన్నా. అడిగినవాళ్ళు అయ్యో అనుకుని వెళ్ళిపోయేవాళ్ళు. కాని సాకుకీ ఆయుష్షు ఉంటుంది. ఒకప్పుడు ఫెర్మిన్ గిటారు వాయించిన పాత బ్యాండులో కౌబాయ్ పాటలు పాడే సియానో తన కూతురి పెళ్ళి పెట్టుకున్నాడు. శనివారం, వాళ్ళ ఊరు తుబ్లాయ్‌లో. పెళ్ళిలో ఆనవాయితీగా చేసే జేగంటల నాట్యం ముగిశాక పాత బ్యాండే వాయించాలని, ఫెర్మిన్ రాకపోతే బాగియో పట్నం నుంచి ఇంకొకణ్ణి మాట్లాడుకోవాల్సి వస్తుందని కబురు పంపాడు. ఆ కబురు నేరుగా ఫెర్మిన్ భార్య నార్డా చెవిన పడింది. నార్డా క్యారెట్లు అమ్మి దాచుకున్న డబ్బు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"లేదు లేదని రెండేళ్ళుగా ఏడుస్తున్నావుగా ముసలోడా, పద, కొనుక్కుందాం," అంది.

తాను తవ్విన గోతిలో తానే పడ్డాడు పాపం. తవ్వడం అతనికి కొత్త కాదు. ఇతోగోన్ కొండల్లో ఇరవై ఆరేళ్ళు బంగారం కోసం సొరంగాలు తవ్విన మనిషి. పడడమే కొత్త.

అసలు సంగతి గిటారు లేకపోవడం కాదు, చెవులు లేకపోవడం. రెండేళ్ళ కిందట సొరంగంలో పేలుడుమందు అనుకున్నదానికన్నా ముందే పేలింది. ఒంటి మీద గీత పడలేదు గాని రెండు చెవుల్లోంచీ రక్తం కారింది. "కర్ణభేరి చిరిగినట్టుంది, అదే అతుక్కుంటుందిలే," అని చెప్పారెవరో. అతుక్కోలేదు. ఆనాటినుంచి లోకమంతా మందపాటి దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టే ఉంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. పెదవులు చూసి సగం, ఊహించి సగం, మిగతాదానికి గంగిరెద్దులా తలూపి నెట్టుకొచ్చాడు. నార్డా గొంతు పక్క కొండ మీద వాళ్ళకి కూడా వినబడే గొంతు కావడం అతనికి కలిసొచ్చింది. అతను పలకనప్పుడల్లా ఆవిడ పొగరనుకునేది. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో పలకని మొగుడు ఏ పెళ్ళానికీ వింత కాదు కాబట్టి అనుమానమూ రాలేదు.

పాత గిటారు ఆసుపత్రి ఖర్చులకని అమ్మాడని ఊరంతా అనుకుంది. అది అబద్ధం. ఒళ్ళో పెట్టుకుని ఎంత మీటినా పలకని దాన్ని రోజూ చూడలేక అమ్మాడు. ఇప్పుడిక తప్పించుకునే దారి లేదని తెలిశాక, జీపులో కిటికీ పక్కన కూర్చుని తనతో తానే ఒక పందెం వేసుకున్నాడు. రెండు గిటార్లు పక్కపక్కన పెట్టుకుని వాయించి చూస్తాను. తేడా తెలిసిందా, శనివారం తుబ్లాయ్ వెళతాను. తెలియలేదా, ఈ జన్మకి ఇక తీగ ముట్టను, సియానోకి నా మొహం చూపించను.

లా త్రినిదాద్ రోడ్డు మీద సబినా కొట్టుంది. జపాన్‌లో జనం వద్దనుకున్న సామానంతా ఓడల్లో పెద్ద పెద్ద పెట్టెల్లో వస్తుంది కదా, అలాంటి పెట్టెలు కొని అమ్మే కొట్టు. సైకిళ్ళు, బీరువాలు, పింగాణీ పళ్ళేలు, ఒంటికన్ను బొమ్మలు, వాటిపైన దండేనికి బట్టలారేసినట్టు వరసగా గిటార్లు. పొగమంచు ఇంకా రోడ్డు వదలకముందే మొగుడూ పెళ్ళాలు కొట్టు తలుపు ముందు నిలబడ్డారు. ఇది నార్డా ఎత్తు. పొద్దున్న మొట్టమొదటి బేరాన్ని వట్టిచేతులతో పంపితే ఆ రోజంతా కొట్లో ఈగలు తోలుకోవాల్సిందేనని ఇక్కడ ప్రతి అమ్మకందారుకీ గట్టి నమ్మకం. బోణీకి వచ్చినవాడు అడిగిన ధరకి ఏడుస్తూనైనా ఇస్తారు.

సబినాకి అరవై దాటాయి. బొంతోక్ ఊరి మనిషి. వక్క నమిలీ నమిలీ పళ్ళు ఎర్రబారాయి. తలుపు సగం తీసి ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"ఇంత పొద్దున్నే వచ్చారు. కొంటానికొచ్చారా, చలికి లోపల నిలబడ్డానికొచ్చారా?"

"బోణీ చేద్దామనొచ్చాం మనాంగ్," అంది నార్డా. వయసులో పెద్దావిడ కదా, అక్క వరస కలిపింది. "మా ఆయన చెయ్యి మంచిది. ఈయన బోణీ చేస్తే సాయంత్రానికి కొట్టు ఖాళీ."

"చెయ్యి సంగతి జేబులోకి పోయినప్పుడు చూద్దాంలే. ఏం కావాలి ఆడింగ్?"

తమ్ముడూ అని పిలిచినావిడ తనకేసే చూస్తోంది కాబట్టి ఫెర్మిన్ తలూపాడు. ఏమడిగిందో అతనికి తెలియదు.

"గిటారు! కరెంటు గిటారు!" అని అరిచింది నార్డా. "పాతకాలం వాటంది. కౌబాయ్ పాటలకి పనికొచ్చేది. చవగ్గా!"

సబినా మూడింటిని కిందికి దించింది. మొదటిదాన్ని ఫెర్మిన్ చేతిలోకి తీసుకుని, తుపాకీ గురి చూసినట్టు మెడ పొడుగునా ఒంటికన్నుతో చూసి పక్కన పెట్టేశాడు. మెడ అరటాకులా వంగింది. కళ్ళకి ఏ లోటూ లేదు కదా, అంతవరకు ధైర్యంగానే ఉన్నాడు. మిగిలినవి రెండు. ఒకటి తేనెరంగుది, ఒకేపక్క కొమ్మున్న పలక గిటారు, చూడగానే నోరూరేలా ఉంది. అక్కడక్కడ రంగు లేచి, అంచులు అరిగి, యాభై ఏళ్ళనాటిదనిపిస్తోంది. రెండోది అదే ఆకారం, కాని పాచిపట్టిన ఇటుక రంగు. వెనకవైపు ఎవడో జపాన్‌వాడు మేకుతో తన పేరు కాబోలు చెక్కుకున్నాడు.

"తేనెరంగుదే పాతది కదా?" అంది నార్డా.

"అది జపాన్ పెట్టెలోది కాదు, పోయిన నెల ఫ్యాక్టరీలోంచి వచ్చింది. ఆ గీతలు అక్కడే గీస్తారు. పాతకాలం వాటమంటే అదే మరి. ఎనిమిది వేల పిసోలు. ఇటుకరంగుది నిజంగానే పాతది, ఆరున్నర."

"అంటే గీతలకి ఒకటిన్నర వేలు ఎక్కువా?" నార్డా నోరు తెరిచింది. "మా ముసలోడి వీపు నిండా గనిలో పడ్డ గీతలే! ఒక్కడూ ఒక్క పిసో ఇచ్చిన పాపాన పోలేదు!"

సబినా పక్కకి తిరిగి ఉమ్మేసి వచ్చి మరీ నవ్వింది. ఫెర్మిన్ కూడా నవ్వాడు, వాళ్ళు నవ్వుతున్నారు కదా అని.

కొట్లో ఒక పాత జపాన్ యాంప్ ఉంది. సబినా దాన్ని లాగి, మూల ఉన్న ఇనప పెట్టెలో ప్లగ్గు పెట్టింది. జపాన్ సామాను బలహీనపు కరెంటుకి అలవాటు పడ్డది. మన గోడల్లోది దానికి రెండింతల కరెంటు. ఆ పెట్టె మధ్యలో ఉండి దాన్ని తగ్గించి ఇస్తుంది. పైన ఎర్రరంగుతో పుర్రె బొమ్మ కూడా వేసుంది.

ఫెర్మిన్ ముందు తేనెరంగుది తీసుకున్నాడు. బిరడలు తిప్పి శ్రుతి చేశాడు. చెవితో కాదు, ముప్ఫై ఏళ్ళ వేళ్ళ అలవాటుతో, తీగ బిగువు చూసుకుని. వాయించాడు. ఎక్కడో దూరాన, సొరంగం అవతల, ఏదో గొణుగుతోంది. అంతే. మంచిదో చెడ్డదో, తీపో చేదో చెప్పలేడు. అందుకని నార్డా మొహంకేసి చూశాడు. ఆవిడ మొహం వికసించింది.

"బావుంది," అన్నాడు పెద్ద తెలిసినవాడిలా. "కొంచెం పదునెక్కువ."

తర్వాత ఇటుకరంగుది తీసుకుని, వెలుగు కోసమన్నట్టు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నిజానికి వాళ్ళ మొహాలు చూసి బతకడం సిగ్గనిపించింది. ఈసారి ఎవరి సాయమూ లేకుండా వినాలనుకున్నాడు. అతను అటు తిరగడంతో యాంప్ దూరమైంది. నార్డాకి మొగుడి మీద ప్రేమ పొంగింది. యాంప్‌ని చంకనెత్తుకుని తెచ్చి అతని పక్కన పెట్టి, కరెంటు తీగ అందక, ఇనప పెట్టెలోంచి ప్లగ్గు పీకి కిటికీ కింద గోడలో గుచ్చేసింది. మా కొండల్లో జపాన్ సామాను కొన్న ప్రతి ఇంట్లోనూ ఒక్కసారైనా ఎవరో ఒకరు చేసే తప్పే ఇది. అన్నం కుక్కర్లు, ఇస్త్రీపెట్టెలు ఎన్ని పోయాయో లెక్కలేదు. టప్పుమంది. యాంప్ వెనకనుంచి సన్నటి పొగ ఒకటి లేచి, దాని దీపం ఆరిపోయింది.

సబినా నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. నార్డా తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. ఆ పొగ వాసన కిటికీలోంచి వస్తోందనుకుని ఫెర్మిన్ ఇటుకరంగు గిటారు మీద ఒక పాట పూర్తిగా వాయించేశాడు. మధ్యలో కళ్ళు కూడా మూసుకున్నాడు. వాయించి, ఇటు తిరగకుండానే, తల పంకిస్తూ అన్నాడు:

"ఆహా! ఇదీ పలుకంటే. యాంప్‌లోంచి గంటలా వస్తోంది, విన్నావా నార్డా? మొదటిదానికీ దీనికీ పోలికే లేదు. కొంచెం చప్పుడు తగ్గించమను, చెవులు పగిలేట్టున్నాయి."

ఎవరూ మాట్లాడలేదు. అతనికి ఆ సంగతీ తెలియదు. కాసేపటికి మెల్లగా తిరిగి చూశాడు. చచ్చిన యాంప్, పొగ, నోటికి చెయ్యడ్డం పెట్టుకున్న పెళ్ళాం. వాటిని ఒకదాని తర్వాత ఒకటి చూసి అంతా అర్థం చేసుకున్నాడు.

నార్డాకీ అర్థమైంది. ఆవిడ దగ్గరికి రాకుండా, ఉన్నచోటే నిలబడి, జీవితంలో మొదటిసారి చిన్నగొంతుతో అడిగింది. "ఫెర్మిన్, నేనిప్పుడేమన్నాను?"

పెదవులు కదిలాయి. అతను చూశాడు. తలూపబోయి మానేశాడు.

"తెలీదు," అన్నాడు.

అప్పుడొచ్చింది నార్డాకి ఏడుపు. వచ్చిందంటే మామూలుగా రాలేదు, సైకిలు సీటు మీద కూలబడి ఏడ్చింది. "రెండేళ్ళు! రెండేళ్ళు పొగరుబోతని తిట్టాను. మొన్న మా అక్క ముందు రాయివన్నాను! నోరు పడిపోయిందా? చెప్పడానికేం?" ఏడుస్తున్నా గొంతు పెద్దదైంది కాబట్టి ఆ మాటలన్నీ ఫెర్మిన్‌కి బాగానే వినబడ్డాయి.

అతను గిటారుని జాగ్రత్తగా సైకిళ్ళ మీద ఆనించాడు. పందెం ఓడిపోయాడు. ఓడడమే కాక వీధిలో నవ్వులపాలయ్యాడు. "పద, పోదాం," అని తలుపు వైపు నడిచాడు.

తలుపు దగ్గర సబినా రెండు చేతులూ చాపి అడ్డంగా నిలబడింది.

"ఎక్కడికి? బోణీ చెయ్యకుండా పోతావా?"

"నాకు వినపడదు మనాంగ్. చెవిటోడికి గిటారెందుకు?"

"నీ చెవుల సంగతి నాకెందుకయ్యా! నా కొట్టు సంగతి చెప్పు!" సబినా అతని ఎడమచెవి దగ్గరికొచ్చి అరిచింది. "పొద్దున్నే గడప తొక్కావు, సామాను దింపించావు, మీ ఆవిడ నా యాంప్ కాల్చింది. ఇక వట్టిచేతులతో పోతే ఈ వారమంతా ఈ వీధిలో కుక్క కూడా రాదు నా కొట్టుకి. కూచో!"

"యాంప్ డబ్బులు ఇచ్చేస్తాం," అంది నార్డా ముక్కు చీదుతూ.

"ఫ్యూజు పోయుంటుంది, ఈ నెలలో ఇది మూడోది. ముందు బోణీ." సబినా ఇటుకరంగు గిటారు తెచ్చి అతని ఒళ్ళో పడేసింది. "ఓడరేవులో పెట్టె తెరిచినప్పుడు అక్కడ యాంప్ ఉంటుందా, కరెంటుంటుందా? ఒక్క మధ్యాహ్నంలో అరవై గిటార్లు ఏరుకుంటాను నేను. నాకు సా అంటే తెలీదు, పా అంటే తెలీదు. ఎలా ఏరుతాననుకున్నావు? ఇలా!"

అంటూనే వంగి, అతని ఒళ్ళో గిటారు భుజానికి తన దవడ ఆనించి, పళ్ళు బిగించి, వేలితో ఒక తీగ లాగింది. కళ్ళు చిట్లించి ఒక నిమిషం అలాగే ఉంది. గిటారు మీద వక్క తుంపర పడితే చేతిగుడ్డతో తుడిచింది. "బతికుంది," అంది. "చచ్చినవి దవడకి వెంటనే తెలిసిపోతాయి. నువ్వు చూడు. చూసి, ఏదో ఒకటి కొని, అప్పుడు ఎక్కడికైనా పో!"

చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఎముక కొరుకుతున్నావా అన్నాడట. ఇక్కడ ఊదినావిడే కొరికి చూపించింది. ఫెర్మిన్ ఆవిడ పోరు పడలేక, ఎలాగైనా బయటపడితే చాలని, గిటారు భుజం మీదికి దవడ వంచి తీగ మీటాడు.

మీటి, చెయ్యి తీసేశాడు. నిప్పు తగిలినట్టు.

మళ్ళీ ఆనించాడు. మళ్ళీ మీటాడు. దుప్పటి లేదు, సొరంగం లేదు. స్వరం అతని పుర్రె లోపలే, రెండు చెవులకీ మధ్యలో మోగింది. మోగి, సన్నబడి, చివరి వెంట్రుకవాసి దాకా వినబడి ఆగింది. చిరిగిన చెవుల్ని అడక్కుండా ఎముకే తీసుకెళ్ళి లోపల అప్పజెప్పింది. అది ఎలా జరిగిందో అతనికి తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. ఆరు తీగలూ వరసగా మీటాడు. రెండేళ్ళ తర్వాత విన్న ఆరు స్వరాలు. నాలుగోది శ్రుతి తప్పింది. శ్రుతి తప్పిందని తెలిసినందుకు అతని కళ్ళు నిండిపోయాయి. బిరడ తిప్పి సరిచేశాడు.

"ఏమైంది? ఏమైందయ్యా?" అని నార్డా అరుస్తోంది. అతను చెయ్యెత్తి ఆగమన్నాడు. మెల్లగా మెడ పొడుగునా ఒక్కో మెట్టూ నొక్కుతూ పైకెళ్ళాడు. సగం దాటాక ఆగి, వెనక్కొచ్చి, మళ్ళీ నొక్కి, మొహం చిట్లించాడు.

"మనాంగ్, తొమ్మిదో మెట్టు దగ్గర జర్రుమంటోంది."

"ఛస్, ఏం లేదు! పోయిన వారం నేనే చూశాను."

"ఉంది. మూడో తీగ. సన్నగా, దోమలాగ."

సబినా నమ్మక, తన దవడ ఆనించి విన్నది. ఇంకోసారి విన్నది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని తొమ్మిదో మెట్టుని గోటితో గీకింది. దాని ఒక కొస పలకలోంచి వెంట్రుకంత పైకి లేచి ఉంది. "నీ ఇల్లు బంగారం కాను! నేను దవడ పెట్టి మరీ ఏరిన గిటారయ్యా ఇది," అంది.

ఇప్పుడు ఫెర్మిన్‌ని ఆపేవాళ్ళు లేరు. తేనెరంగుదీ ఇమ్మన్నాడు. దానికీ దవడ ఆనించాడు. ఒకటి విని, వెంటనే రెండోది విని, మళ్ళీ మొదటిదానికొచ్చి, చంటిపిల్లల్ని మార్చి మార్చి ఎత్తుకున్నట్టు చాలాసేపు ఆ పనిలోనే ఉన్నాడు. ఈలోగా ఎవరో పళ్ళేలు కొనడానికొస్తే సబినా గుమ్మంలోనే ఆపేసింది. బోణీ అవుతోంది, అయ్యాక రండి, అంది.

"తేనెరంగుది తియ్యగా మొదలెడుతుంది, తొందరగా చచ్చిపోతుంది," అన్నాడు ఫెర్మిన్ చివరికి. "పైన పటారం లోన లొటారం. చెక్క పచ్చిదో ఏమో, స్వరాన్ని మింగేస్తోంది. కాని మెట్లు బాగా కూర్చోబెట్టారు, పనితనానికి వంక పెట్టను. ఇటుకరంగుది బరువెక్కువ, బిరడలు రెండు వదులు, ఒక మెట్టు లేచింది. అయినా మీటింది మీటినట్టు నిలబడుతుంది. కౌబాయ్ పాటకి ఆ నిలకడే కావాలి. ఇది తీసుకుంటాను. మెట్టు నేనే దిగ్గొట్టుకుంటా, దానికి మాత్రం ధర తగ్గించు."

రెండేళ్ళలో అతను ఏకబిగిన ఇన్ని మాటలు మాట్లాడటం నార్డా వినలేదు. సంతలో అయిదు పిసోల కోసం గంట పోట్లాడే మనిషి, ఇప్పుడు ఒక్క మాటతో సరిపెట్టింది. "అయిదు వేలు," అంది ఏడుస్తూనే.

"ఏడుస్తూ బేరమాడితే నేను కాదనగలనా! ఇది అన్యాయం," అని సబినా గొణిగి ఒప్పుకుంది. నోట్లు తీసుకుని, ఆ నోట్లతోనే గోడకి వేలాడే గిటార్లనీ సైకిళ్ళనీ ఒంటికన్ను బొమ్మనీ టపటపా తట్టుకుంటూ పోయింది, వాటికీ ఈరోజు మంచి బేరం తగలాలని.

ఫెర్మిన్ గిటారు ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాడు. పందెం గెలిచాడు. కాని సగమే. తన దవడకి తన గిటారు వినబడుతుంది, సరే. సియానో పాట వినబడదు. డ్రమ్ము వినబడదు. పెళ్ళిపందిట్లో పదిమంది మధ్య తాళం తప్పితే? చెప్పకుండా వెళ్ళడం ఇక కుదరదు. చెప్పాక సియానో జాలిపడి, పోనీలేరా అంటే? ఆ జాలికి భయపడే కదా రెండేళ్ళు నోరు మూసుకున్నాడు. నార్డా సంచిలోంచి ఫోను తీసి సియానోకి కలిపాడు. అవతల ఎత్తినట్టు తెర మీద అంకెలు కదలడం చూసి మొదలుపెట్టాడు.

"సియానో, నేను ఫెర్మిన్‌ని. నువ్వేం మాట్లాడకు, మాట్లాడినా నాకు వినపడదు. ఆ పేలుడులో రెండు చెవులూ పోయాయి. గిటారు లేదన్నది వట్టి సాకు. అంటే, ఇప్పుడు కొన్నాననుకో. దాన్ని దవడతో వింటాను, చూడ్డానికి కొంచెం వెర్రిగా ఉంటుంది. నీ పాట మాత్రం వినపడదు. ఎప్పుడు అందుకోవాలో, ఎప్పుడు ఆపాలో ఎవరైనా సైగ చెయ్యాలి. వద్దంటే వద్దను, ఏమనుకోను. నార్డాకిస్తున్నాను, దానితో చెప్పు."

ఫోను ఆవిడ చేతిలో పెట్టి మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. నార్డా చెవికి ఆనించుకుంది. చాలాసేపు విన్నది. ఒకసారి కనుబొమలు పైకెత్తింది. ఒకసారి పెదవి కొరుక్కుంది.

"ఏమంటున్నాడు?" అన్నాడు ఫెర్మిన్ ఉండబట్టలేక.

"తిడుతున్నాడు!" అని అరిచింది నార్డా.

"ఎందుకు?"

"రెండేళ్ళు చెప్పనందుకు! బూతులు తిడుతున్నాడు!"

"ఇంకా?"

నార్డా మళ్ళీ విన్నది. "డ్రమ్ముల పక్కన చెక్కబల్ల మీద కూచోమంటున్నాడు! చెప్పులు విప్పేసి! దరువు కాళ్ళకి తెలుస్తుందట! మొదటి పాట నీతోనే ఎత్తిస్తాడట, తనే నిన్ను చూసి అందుకుంటాడట! రేపు సాయంత్రమే రమ్మంటున్నాడు, ఒకసారి కలిసి వాయించుకోవాలట!"

ఫెర్మిన్ గిటారుని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. సబినా వక్క నమలడం ఆపి చూస్తోంది, గుమ్మంలో పళ్ళేల బేరం కూడా చూస్తోంది.

"ఆ బూతులేవో కూడా చెప్పు," అన్నాడు.

"ఇంతమందిలోనా?"

"చెప్పు నార్డా. అన్నీ చెప్పు."

నార్డా ఫోను చెవికి గట్టిగా నొక్కుకుని, కొట్టంతా మారుమోగేలా, ఒక్కటీ వదలకుండా చెప్పింది.